జాబితాలో పన్నెండు పేర్లు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శిగారు నాకు ఇచ్చిన అంశం 'విద్యుత్ రంగంలో మన పిల్లలకు అవకాశాలు'. నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా. పొద్దున పదో తరగతి బి సెక్షన్ గదిలో పెట్టిన ఫొటోల ప్రదర్శన చూశాక ఆ కాగితాలు మడిచి జేబులో పెట్టేశాను. యాభై ఏళ్ల ఫొటోలు చక్కగా పేర్చారు. 1977 దివిసీమ ఉప్పెనప్పుడు మన పిల్లలు ఇంటింటికీ తిరిగి బియ్యం పోగుచేస్తున్న ఫొటో ఉంది. కబడ్డీ కప్పుతో మా డ్రిల్లు మాస్టారు ఉన్నారు. 2019 వార్షికోత్సవం ఉంది. ఆ పక్క ఫొటో 2021 చివర్లో మాస్కులు పెట్టుకున్న పిల్లలది. మధ్యలో 2020 లేదు. ఆ ఫొటోలు పెట్టిన గదే ఆ ఏడాది ఏప్రిల్, మే నెలల్లో క్వారంటైన్ గది. మన ఊరివాళ్లు పన్నెండు మంది అందులో, పక్క గదిలో 14 రోజులు పడుకున్నారు. ఎవరూ ఫొటో తియ్యలేదు కాబట్టి లేదని సరిపెట్టుకోవచ్చు. తియ్యలేకపోవడానికి కారణం మనకు తెలుసు. దాని గురించే మాట్లాడతాను. డాక్టర్ని కాను, కరెంటు ఇంజినీర్ని. మీటర్లు, కొలతలు, వాటిలో వచ్చే తప్పులు, వాటితోనే ముప్పై ఏళ్లుగా కాపురం చేస్తున్నాను. ఆ అర్హతతోనే చెబుతున్నాననుకోండి.

మొదట్లో ఆ జబ్బు మనకు టీవీలో కథ. 2020 జనవరి 30న కేరళలో, చైనాలోని వూహాన్ నుంచి వచ్చిన విద్యార్థినికి దేశంలో మొదటి కేసు బయటపడింది. మన దగ్గర ఫిబ్రవరిలో అందరి గొడవా కోళ్ల గురించే. చికెన్ తింటే వస్తుందని ఎవరో పుట్టించారు. కోడి ధర పడిపోయింది. మన ఊళ్లో ఫారాలున్నవాళ్లు ఎంత దెబ్బతిన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. చివరికి హైదరాబాద్‌లో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. అదే ఫిబ్రవరిలో చిత్తూరు జిల్లాలో ఒకాయన, వయసు యాభై దాకా ఉంటుంది, మామూలు జ్వరానికి మందు రాసి మాస్కు పెట్టుకోమంటే తనకు కరోనాయే వచ్చిందని నమ్మాడు. ఇంట్లోవాళ్లకు అంటుకోకూడదని వాళ్లను లోపల పెట్టి బయట తలుపేసి, తను పొలానికి వెళ్లి ఉరేసుకున్నాడు. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కేసు కూడా లేదు. పరీక్ష జరగలేదు, జబ్బు లేదు, మనిషి మాత్రం పోయాడు. పేపర్లో చిన్న వార్తగా చదివి పక్కన పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు ప్రకటించారు. రెండు రోజులకే మాదాపూర్‌లో ఒక ఐటీ ఉద్యోగినికి అనుమానమనగానే భవనం భవనమే ఖాళీ అయింది. వేలమంది బ్యాగులు భుజాన వేసుకుని రోడ్డు మీదికి వచ్చారు. ఆ అమ్మాయి శాంపిల్ పుణె వైరాలజీ సంస్థకు వెళ్లి, నెగెటివ్ అని తిరిగి వచ్చింది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. అనుమానం వాట్సాప్‌లో నిమిషాల్లో వచ్చింది. ఫలితం పుణె వెళ్లి రావాలి. ఆ ఏడాదంతా మనం బతికింది ఆ రెంటి మధ్య ఖాళీలోనే.

అప్పట్లో పరీక్ష అందరికీ చేసేవాళ్లు కాదు. ల్యాబులు కొన్నే, కిట్లు కొన్నే. విదేశాల నుంచి వచ్చినవాళ్లకు, వాళ్లతో తిరిగి లక్షణాలున్నవాళ్లకు మాత్రమే చేసేవారు. ఆస్పత్రుల్లో తీవ్రమైన శ్వాస ఇబ్బందితో చేరినవాళ్లందరికీ చేయాలని భారత వైద్య పరిశోధన మండలి చెప్పింది మార్చి 20 తర్వాతే. ఉన్న కొద్ది కిట్లను ముందు ఎక్కడ వాడాలో అక్కడ వాడారు, అందులో తప్పులేదు. కానీ జనానికి దాన్నుంచి అందింది వేరు. బయటినుంచి వచ్చినవాళ్లకే పరీక్ష చేస్తున్నారంటే, జబ్బంటే బయటినుంచి వచ్చిన మనిషి. ఆంధ్రలో మొదటి కేసు మార్చి 12న ఇటలీ నుంచి నెల్లూరు వచ్చిన కుర్రాడిది. దాంతో ఆ లెక్క మరీ గట్టిపడింది. వాలంటీర్లు ఇంటింటికీ వచ్చి 'మీ ఇంటికి ఫారిన్ నుంచి ఎవరైనా వచ్చారా' అని అడిగేవాళ్లు. కొన్నాళ్లకు ఆ 'ఫారిన్' కాస్తా హైదరాబాద్ అయింది, చెన్నై అయింది, చివరికి పాలేరు అవతలి ఊరైంది.

ఆ ఏడు ఉగాది మార్చి 25న వచ్చింది. ముందురోజు రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో 21 రోజుల లాక్‌డౌన్ ప్రకటించారు. ఉగాది నాడు హైదరాబాద్‌లో హాస్టళ్లు పిల్లల్ని ఖాళీ చేయమన్నాయి. వాళ్లు పోలీస్ స్టేషన్ల ముందు వరసలు కట్టి అనుమతి కాగితాలు తీసుకుని, బైకుల మీద, కార్లలో 65వ నంబరు హైవే పట్టారు. సాయంత్రానికి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర వేలల్లో జనం. ఇటు పోలీసులు రానివ్వరు, అటు వెనక్కి పోతే హాస్టల్ తలుపు తెరవరు. చేతిలో ఒక రాష్ట్రం ఇచ్చిన కాగితం, ఎదురుగా ఇంకో రాష్ట్రం వేసిన బారికేడు. మన ఊరినుంచి ఆ లైట్లు కనిపించాయని మా తమ్ముడు ఫోన్లో చెప్పాడు. కొంతమంది అన్నం పొట్లాలు కట్టించి పంపారు. అది కూడా మన ఊరే చేసింది, మర్చిపోకూడదు. కొందరిని పరీక్షించి క్వారంటైన్‌కు పంపారు, చాలామంది వెనక్కి తిరిగారు.

అక్కడ 'పరీక్ష' అని జనం అన్నది నుదుటి దగ్గర పెట్టే తుపాకీలాంటి పరికరం. అది చర్మం వేడిని మాత్రమే చూస్తుంది. ఎండలో మూడు గంటలు నిలబడినవాడికి ఎక్కువ చూపిస్తుంది, పారాసెటమాల్ వేసుకుని వచ్చినవాడికి తక్కువ చూపిస్తుంది. మా పనిలో మీటరు చదివే ముందు అది దేన్ని కొలుస్తోందో అడగడం మొదటి పాఠం. ఆ రోజు ఎవరమూ అడగలేదు. 'చెక్ చేశారు, ఏమీ లేదన్నారు' అని వచ్చినవాడు అన్నాడు, 'చెక్ చేస్తే ఏం తెలుస్తుంది' అని ఊరు అన్నది. ఇద్దరిదీ నిజమే.

తర్వాత రెండు రోజుల్లో మన ఊరికి కంచె పడింది. మన ఒక్క ఊరికే కాదు, రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా పడింది. తుమ్మకంప, కరెంటు స్తంభాలు, తాటి దుంగలు, ఎడ్లబండి అడ్డం. కొన్నిచోట్ల రోడ్డుకు గండి కొట్టారు. అట్టముక్క మీద 'మా ఊరికి రావద్దు, మీ ఊరికి రాము'. కుర్రాళ్లు కర్రలు పట్టుకుని కాపలా. నేను అప్పుడు హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్నాను. ఆ ఫొటో మన బ్యాచ్ గ్రూపులో పెడితే 'శభాష్' అని బొటనవేలు పెట్టినవాళ్లలో నేను మొదటివాణ్ణి. కంచె వేసినవాళ్లను ఇప్పుడు తప్పుపట్టడం సులువు. ఊళ్లో ఆస్పత్రి లేదు, వెంటిలేటర్ అన్న మాటే కొత్త, ఇంటికో ముసలి ప్రాణం ఉంది. చేతిలో ఉన్నది కంపే, అది వేశారు. అయితే ఆ కంచె మే నెలలో మందు షాపులు తెరిచిన రోజు దానంతటదే ఎలా పక్కకు జరిగిందో ఈ సభలో కొందరికి బాగా తెలుసు. నవ్వుతున్నవాళ్లే సాక్షులు.

కంచెల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి, నా పనికి సంబంధించినది. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు 9 నిమిషాలు లైట్లు ఆపి దీపాలు పెట్టమన్నారు. ఆ రాత్రి నేను కంట్రోల్ రూములో ఉన్నాను. దేశమంతా కలిపి 12 నుంచి 14 వేల మెగావాట్లు తగ్గుతుందని లెక్క వేసుకున్నారు. తగ్గింది 31 వేలకు పైగా. దేశమంతా ఒక్కటే గ్రిడ్, ఎక్కడ తప్పు జరిగినా అంతా చీకటే. జల విద్యుత్ కేంద్రాలను ముందే పూర్తిగా నడిపి సిద్ధంగా పెట్టుకున్నారు కాబట్టి, వాటిని గబగబా దించి మళ్లీ గబగబా ఎక్కించారు. ఫ్రీక్వెన్సీ 49.70కీ 50.26కీ మధ్యే నిలిచింది. మా సర్వీసులో అలాంటి పది నిమిషాలు మళ్లీ చూడలేదు. అడిగినదానికి రెట్టింపు పైగా చేశారు జనం. ఇదే జనం పరీక్షకు రమ్మంటే ఎందుకు పారిపోయారు? లైటు ఆపినందుకు ఎవరి పేరూ బయటికి రాదు. ఎవరింటికీ పాలు ఆగవు. తేడా అంతా అక్కడే ఉందని నా ఉద్దేశం.

పిల్లలూ, మీకు పరీక్ష అంటే భయమా? మాకు ఉండేది కాదు. మాకు భయం ఫలితాలు బోర్డు మీద అంటించే రోజంటే. పేపర్లో నంబరు లేకపోతే ఊరంతటికీ తెలిసిపోయే రోజంటే. 2020లో కరోనా పరీక్ష కూడా అలాగే తయారైంది. పాజిటివ్ అని వస్తే అంబులెన్సు వస్తుంది, వీధికి రెండు వైపులా కర్రలు కడతారు, రెడ్ జోన్ అంటారు, వీధిలో ఉన్న నలభై కొంపల వ్యాపారం ఆగుతుంది, ఆ నలభై కొంపలూ నిన్నే చూస్తాయి. మహారాష్ట్రలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల చేతికి చెరగని సిరాతో ముద్ర వేశారు. కర్ణాటకలో ఇళ్లలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల చిరునామాలు ప్రభుత్వమే జాబితాగా బయట పెట్టింది. చాలా ఊళ్లలో తలుపులకు నోటీసులు అంటించారు. అధికారుల ప్రత్యేక ఆదేశం లేకుండా అలా అంటించకూడదని సుప్రీంకోర్టు అన్నది డిసెంబరులో, అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. జ్వరం, దగ్గు మందులు కొన్నవాళ్ల వివరాలు రాసుకోమని రెండు రాష్ట్రాల్లోనూ మెడికల్ షాపులకు చెప్పారు. ఉద్దేశం మంచిదే, జ్వరం ఎక్కడ ఎక్కువగా ఉందో తెలియాలి. జనం ఏం చేశారు? మందు కొనడం మానేశారు. లేదా తలనొప్పి అని చెప్పి కొన్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇంతసేపూ చుట్టూ తిరిగింది దాని దగ్గరికి రావడానికి కాస్త ధైర్యం కావలసే.

నా బెంచి మిత్రుడు ఒకడున్నాడు. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే బెంచి. పదో తరగతి తర్వాత నేను పాలిటెక్నిక్‌కు వెళ్లాను, వాడు తాపీపనిలోకి వెళ్లాడు. మంచి మేస్త్రీ. హైదరాబాద్‌లో అపార్టుమెంట్ల పని చేసేవాడు. లాక్‌డౌన్ 21 రోజులే కదా అని షెడ్డులోనే ఉన్నాడు. ఏప్రిల్ 14న మళ్లీ పొడిగించారు. పని లేదు, తెచ్చుకున్న బియ్యం అయిపోయాయి, ఇంటి దగ్గర ముసలితల్లికి బాగోలేదు. కొంత దూరం కూరగాయల లారీలో, మిగతాది కాలినడకన బయలుదేరాడు. చెక్‌పోస్టు తప్పించుకుని రాత్రిపూట పాలేరు ఇసుకలో దిగి దాటాడు. తెల్లారేసరికి మన కంచె దగ్గర ఉన్నాడు. కాపలా ఉన్న కుర్రాళ్లలో ఒకడు వాడి మేనల్లుడే. వాడే ఫోన్ చేసి సచివాలయానికి చెప్పాడు. చెప్పడం తప్పు కాదు. వాణ్ణి తీసుకొచ్చి ఈ బళ్లో పెట్టారు. వాడు పదో తరగతి చదివిన గదిలోనే.

మరుసటి రోజు ఒక కాగితం ఫొటో నాకు వచ్చింది. ఎక్కడినుంచి బయటికి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల జాబితా. పన్నెండు పేర్లు, తండ్రి పేరు లేదా తల్లి పేరు, ఇంటి నంబరు. మూడో పేరు నా మిత్రుడిది. నేను దాన్ని మన ఊరి గ్రూపులోకి పంపాను. పైన నా మాట కూడా ఒకటి రాశాను: 'ఊరి క్షేమం కోసం. ఈ ఇళ్ల వైపు వెళ్లేవారు జాగ్రత్త.' ఇంజినీరు పంపాడంటే ఊళ్లో నమ్మకం వేరు. ఆ నెలలోనే వాట్సాప్ వాళ్లు ఎక్కువసార్లు తిరిగిన మెసేజీని ఒకసారికి ఒక్కరికే పంపేలా కట్టడి పెట్టారు. నాకు ఆ ఒక్కసారి చాలింది.

సాయంత్రానికి వాళ్లింటికి పాలు పోసే అతను రాలేదు. కుళాయి దగ్గర మా చెల్లెమ్మ, అంటే వాడి భార్య, బిందె పెడితే మిగతావాళ్లు బిందెలు తీసేసుకున్నారు. తర్వాత ఆమెను అందరూ పట్టుకున్నాక రమ్మన్నారు, అంటే రాత్రి తొమ్మిదికి. కిరాణా కొట్టువాడు డబ్బులు నేల మీద పెట్టించుకుని నీళ్లు చల్లి తీసుకున్నాడు. వాళ్లింట్లో ఎవరూ వాడిని కలవలేదు. కంచె దగ్గరినుంచే కదా బడికి తీసుకొచ్చింది. అయినా జాబితాలో ఇంటి నంబరు ఉంది. చదివినవాళ్లు ఇంటి నంబరు చూశారు.

క్వారంటైన్‌లో పదో రోజు శాంపిల్ తీశారు. ముక్కులోంచి, గొంతులోంచి పుల్లతో తీసి విజయవాడ పంపారు. ఆ పరీక్ష సంగతి రెండు మాటల్లో చెబుతాను. వైరస్ ఆనవాలు కొంచెం ఉన్నా చాలు, యంత్రం దాన్ని ఒక్కో సైకిల్‌కు రెట్టింపు చేస్తుంది. ఒకటి రెండు, రెండు నాలుగు. 30 సైకిళ్లకు ఒకటి 107 కోట్లు దాటుతుంది. అందుకే అది అంత సున్నితం. కానీ పుల్ల సరిగ్గా తగలకపోయినా, మరీ ముందు తీసినా, మరీ ఆలస్యంగా తీసినా దొరకదు. పాజిటివ్ వస్తే దాదాపు ఉన్నట్టే. నెగెటివ్ వస్తే మాత్రం లేదని పూర్తిగా చెప్పలేం. ఏప్రిల్‌లో వచ్చిన వేలి రక్తంతో చేసే ర్యాపిడ్ కిట్లు ఇంకో రకం. అవి వైరస్‌ను చూడవు, దానిమీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూస్తాయి. అవి తయారవడానికి వారం పైనే పడుతుంది. పైగా చైనా నుంచి వచ్చిన కిట్లు సరిగా పనిచేయడం లేదని కొన్ని రాష్ట్రాలు అనడంతో ఏప్రిల్ 21న వాటిని ఆపమన్నారు, తర్వాత వారంలోనే రెండు కంపెనీలవి వెనక్కి పంపేయమన్నారు. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి. జనానికి మిగిలింది ఒక్కటే మాట: 'ఆ టెస్టులన్నీ దొంగవట.' పరీక్షకు వెళ్లకూడదనుకునేవాడికి అది పనికొచ్చింది. నెగెటివ్ వచ్చినవాణ్ణి కూడా దగ్గరికి రానివ్వకూడదనుకునేవాడికి కూడా అదే మాట పనికొచ్చింది.

శాంపిల్ పంపిన రెండో రోజు వాళ్లమ్మ పోయింది. ఆవిడకు గుండెజబ్బు ముందునుంచీ ఉంది. చిన్నప్పుడు మధ్యాహ్నం బెల్లు కొట్టగానే వాడితోపాటు నేనూ వాళ్లింటికి పరిగెత్తేవాణ్ణి. ఆవిడ కలిపి పెట్టిన గోంగూర అన్నం తిన్న చేయి ఇది. ఆరోజు ఆ వీధిలోకి ఎవరూ రాలేదు. పాడె కట్టడానికి కూడా రాలేదు. ఆవిడకు పరీక్ష చేయలేదు, అనుమానం కూడా లేదు, కానీ జాబితాలో ఆవిడ పేరుంది, కొడుకు పేరు పక్కన. వాడు వెళ్తానని అడిగాడు. రిపోర్టు రాకుండా పంపే అధికారం అక్కడున్నవాళ్లకు లేదు, పైకి అడిగారు, అనుమతి రాలేదు. మధ్యాహ్నం నాలుగింటికి పంచాయతీ పారిశుధ్య కార్మికులు ఇద్దరు, వాలంటీరు కుర్రాడు, మన బడి అటెండరు, ఈ నలుగురూ మోశారు. కొరివి వాడి చిన్నకొడుకు పెట్టాడు. శ్మశానానికి దారి ఈ బడి ముందునుంచే. వాడు వరండా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. అటెండరు గేటు ముందు ఒక్క నిమిషం ఆగమన్నాడట. ఆగారు.

రెండు రోజులకు రిపోర్టులు వచ్చాయి. పన్నెండు పేర్లూ నెగెటివ్. ఆ సంగతి ఏ గ్రూపులోనూ ఎవరూ పంపలేదు. నేను కూడా. నా పాత మెసేజీ తీసేద్దామని చూశాను. అప్పట్లో గంట దాటితే అందరి ఫోన్లలోంచి తీసేయడం కుదరదు. అది ఇంకా అక్కడే ఉంది.

ఆ ఏడాది మే 11 నుంచి జూన్ 4 వరకు దేశంలో 70 జిల్లాల్లో రక్తపరీక్షలతో ఒక సర్వే చేశారు. మన అప్పటి కృష్ణా జిల్లా కూడా అందులో ఉంది. పెద్దవాళ్లలో 0.73 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి ఉందని తేలింది. నూటికి ఒక్కరు కూడా కాదు, తక్కువే. కానీ అందులోనే ఇంకో లెక్క ఉంది. మే మొదట్లో పరీక్షలో బయటపడిన ఒక్కో కేసుకు బయటపడనివి 80 నుంచి 130 దాకా ఉన్నాయని అంచనా. అంటే జాబితాలో ఒక పేరు ఉంటే, జాబితాలో లేకుండా కుళాయి దగ్గర, కొట్టు దగ్గర, చెక్‌పోస్టు దగ్గర తిరుగుతున్నవి కనీసం 80. మనం ఒక్కదాని చుట్టూ కంప వేసి మిగతా 80 మధ్యలో నిశ్చింతగా తిరిగాం. ఈ లెక్క సెప్టెంబరులో బయటికి వచ్చింది. చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మూడో నంబరు పేరు.

అప్పటికి నా సంగతి కూడా ఒకటి జరిగిపోయింది. జూలైలో నాకు జ్వరం వచ్చింది, వాసన తెలియడం మానేసింది. అప్పటికి హైదరాబాద్‌లో ర్యాపిడ్ యాంటీజెన్ పరీక్షలు దగ్గరలోని ఆరోగ్య కేంద్రాల్లోనే చేస్తున్నారు. అరగంట పని. నేను నాలుగు రోజులు వెళ్లలేదు. ఎందుకంటారా? మా అపార్టుమెంటుకు కూడా ఒక గ్రూపు ఉంది. మూడో అంతస్తులో ఒకరికి వస్తే అందులో ఏమేం రాశారో చదివాను. పనిమనిషిని ఆపేస్తారు, లిఫ్టు వాడొద్దంటారు, తలుపుకు కాగితం అంటిస్తారు. జ్వరం తెలియకుండా మాత్ర వేసుకుని రెండు రోజులు డ్యూటీకి కూడా వెళ్లాను. మా సెక్షన్‌లో తర్వాత ఇద్దరికి వచ్చింది. నావల్లే అని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను. ఒకాయన పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాడు. జాబితా పంపిన చేయీ, జాబితాకు భయపడి మాత్ర వేసుకున్న చేయీ ఒకటే.

చరిత్ర చదివేవాళ్లకు ఇది కొత్త కాదు. 1896లో బొంబాయిలో ప్లేగు వస్తే 1897లో అంటువ్యాధుల చట్టం తెచ్చారు. 2020లో మన రాష్ట్రాలు వాడింది ఆ చట్టాన్నే. పుణెలో సోల్జర్లు ఇళ్లలో జొరబడి రోగుల్ని వెతికితే జనం రోగుల్ని దాచారు. ఆ వెతుకులాటలకు పెద్దగా ఉన్న ర్యాండ్ అనే అధికారిని ఆ ఏడు జూన్‌లో చాపేకర్ సోదరులు కాల్చారు. మనవైపు తుపాకులు లేవు, పరాయి దొరలు లేరు. మన ఊరివాణ్ణి మనమే పట్టించాం, మనమే దాక్కున్నాం. 1897కన్నా ఇదే నాకు ఎక్కువ బాధ.

ఇంకొక్క మాట. మన మిరప కల్లాల్లో ప్రతి ఏటా ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలను మీరంతా చూశారు. ఆ ఏప్రిల్‌లో తెలంగాణలో మిర్చి కోతకు వచ్చిన పన్నెండేళ్ల పిల్ల, తనవాళ్లతో కలిసి అడవిదారిన మూడు రోజులు నడిచి, బీజాపూర్ జిల్లాలో ఊరు ఇంకా కొంతదూరం ఉందనగా పడిపోయి చనిపోయింది. చనిపోయాక పరీక్ష చేశారు. నెగెటివ్. బతికుండగా ఆ పిల్లకు కావలసింది ఒక ముద్ద, ఒక బండి. మనకు తెలుసుకోవాలనిపించింది మాత్రం అది.

జూలైలో నాకు పాజిటివ్ వచ్చి గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఒక ఫోన్ వచ్చింది. మూడు నెలలుగా నేను చేయలేకపోయిన నంబరు అది. "ఒరేయ్, ఆక్సిజన్ ఎంతుందిరా? ఆ వేలికి పెట్టుకునేది కొన్నావా?" అన్నాడు. కొన్నానన్నాను, 95 ఉందన్నాను. బోర్లా పడుకోమన్నాడు, ఎవరో డాక్టరు చెప్పగా విన్నాడట. తర్వాత నేనే మొదలుపెట్టాను, జాబితా సంగతి చెబుదామని. సగంలో ఆపాడు. "నువ్వు పంపావని నాకు ఆ రోజే తెలుసురా. మా చిన్నోడి ఫోన్లోకి వచ్చింది. బళ్లో ఉండగానే చూపించాడు." ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. క్షమించాడో లేదో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఊరొచ్చినప్పుడల్లా వాళ్లింటికి వెళ్తాను, టీ తాగుతాం, పిల్లల సంగతులు మాట్లాడుకుంటాం, లేస్తాను.

ఈరోజు ఇది చెబుతానని పొద్దున్నే వాడికి ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఆలోచించి చెప్పమన్నాడు. "నా పేరు మాత్రం చెప్పొద్దు. జాబితాలో ఒకసారి పడింది చాలు" అన్నాడు. అందుకే చెప్పలేదు. మీలో చాలామందికి తెలుసు, దయచేసి మీరూ చెప్పొద్దు.

సంఘానికి నాదొక విన్నపం. ఆ గదిలో 2019కీ 2021కీ మధ్య ఖాళీలో ఒక కాగితం పెట్టండి. ఫొటో అక్కర్లేదు. 2020లో ఈ గది దేనికి వాడారో నాలుగు వాక్యాలు చాలు. పన్నెండు మందికి అన్నం వండిన ఆయాలు, శాంపిళ్లు తీయించిన ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, ఆ పాడె మోసిన నలుగురు, వీళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకుంటే రాయండి. ఒప్పుకోకపోతే వద్దు. అటెండరుగారు రిటైరయ్యారు, ఆరోగ్యం బాగోలేక సభకు రాలేకపోయారు. సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్తున్నాను. రావాలనుకున్నవాళ్లు ఐదింటికి గేటు దగ్గర కలవండి.

విద్యుత్ రంగం గురించి రాసుకొచ్చిన కాగితాలు పిల్లలకు జిరాక్సు తీయించి ఇస్తాను. నాకిచ్చిన సమయం ఎప్పుడో అయిపోయింది.